మతద్రోహ చట్టం, ద్వేష ప్రసంగ చట్టం: రెండూ ఒకటేనా?

పోయిన ఎపిసోడ్‌లో మధ్యయుగాల చర్చి కోర్టుల గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూశాక నన్ను కలిసినవాళ్ళలో చాలామంది ఒకే ప్రశ్న వేశారు. "సార్, అప్పుడు మతద్రోహం అన్నారు, ఇప్పుడు ద్వేష ప్రసంగం అంటున్నారు. పేరు మారింది గానీ పని అదే కదా? నోరు మూయించడమే కదా?"

ఇది వాళ్ళకి కొత్తగా తట్టిన ప్రశ్న కాదు. యూరప్‌లో, అమెరికాలో ఇరవై ముప్ఫై ఏళ్ళుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. వాదించేవాళ్ళలో సగంమంది మధ్యయుగం గురించి ఒక్క రికార్డు కూడా చదవకుండా వాదిస్తారు, అది వేరే సంగతి. నేను మాత్రం ఆ ప్రశ్నకి అవుననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. దానికి కారణం నాకు తెలిసిన ఇద్దరు మనుషులు. వాళ్ళ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఇంగ్లండ్‌లోని నారిచ్ అనే ఊరికి వెళ్దాం. ఎందుకు నారిచ్ అంటే, ఈ ప్రశ్నకి కావలసిన రెండు సగాలూ ఆ ఒక్క ఊళ్ళోనే దొరుకుతాయి.

1429 ఏప్రిల్. నారిచ్‌లో బిషప్ విలియం ఆల్న్‌విక్ విచారణలు జరిపిస్తున్నాడు. జోన్ క్లిఫ్లాండ్ అనే ఇల్లాలు వచ్చి సాక్ష్యం చెప్పింది. ఏమని? మార్జరీ బాక్స్‌టర్ అనే ఆవిడ తన ఇంటికి వచ్చి, పొయ్యి పక్కన కూచుని, కుట్టుపని చేసుకుంటూ కొన్ని మాటలు అన్నదని. మార్జరీ మార్తమ్ అనే పల్లెటూరి మనిషి. ఆవిడ అన్నది ఏమిటంటే, చర్చిలో పూజారి మంత్రం చదివిన రొట్టె నిజంగా క్రీస్తు శరీరం అయిపోతే, రోజూ వెయ్యిమంది పూజారులు వెయ్యిమంది దేవుళ్ళని తయారుచేసి తినేస్తున్నట్టేగా, మర్నాడు ఆ దేవుళ్ళు ఎక్కడ తేలుతున్నట్టు అని. మొరటు హాస్యం. మన ఊళ్ళలో అరుగు మీద కూచున్న ముసలమ్మలు పురోహితుడి గురించి అనే మాటల్లాంటివే. కోర్టులో లాటిన్‌లో రాసుకున్న రికార్డులో కూడా ఆ గొంతు వినిపిస్తుంది.

జోన్ ఇంట్లో పనిచేసే ఆగ్నెస్ అనే పిల్ల ఇంకో సాక్ష్యం చెప్పింది. తనని మార్జరీ ఇంటికి పంపినప్పుడు పొయ్యి మీద కుండ ఉడుకుతోంది, మూత తీసి చూస్తే అందులో పంది మాంసం ముక్క ఉంది, అది ఉపవాసాల రోజులు అని. అంటే పొయ్యి పక్క మాట ఒక సాక్ష్యం, కుండలో ముక్క ఇంకో సాక్ష్యం.

ఈ విచారణల రికార్డుని నార్మన్ టానర్ అనే చరిత్రకారుడు 1977లో అచ్చువేశాడు. 1428 నుంచి 1431 దాకా దాదాపు అరవైమంది ఆ కోర్టు ముందుకొచ్చారు. చర్మకారులు, దర్జీలు, సేవకులు, రైతులు, కొందరు పూజారులు. ఎక్కువమందికి పడింది ప్రాయశ్చిత్త శిక్ష. ఆదివారం నాడు కాళ్ళకి చెప్పులు లేకుండా, చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, చర్చి చుట్టూనో సంత చుట్టూనో కొరడా దెబ్బలు తింటూ నడవాలి. ఊరంతా చూడాలి. అది ముఖ్యం, ఊరు చూడాలి. మార్జరీకి చివరికి ఏమైందో ఆ రికార్డులో లేదు. ఆవిడ గురువు విలియం వైట్‌ని మాత్రం అంతకుముందు ఏడాదే నారిచ్‌లో కాల్చేశారు.

సరే, ఇంత అధికారం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1401లో ఇంగ్లండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని లాటిన్ పేరు 'డే హెరెటికో కంబురెండో'. అంటే మతద్రోహిని కాల్చడం గురించి అని అర్థం. పేరులోనే శిక్ష ఉంది, దాపరికం ఏమీ లేదు. నాలుగో హెన్రీ అప్పుడే రెండో రిచర్డ్‌ని దించి గద్దె ఎక్కాడు. గద్దె గట్టిగా లేదు. చర్చి మద్దతు కావాలి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ అరండెల్‌కి జాన్ విక్లిఫ్ శిష్యులైన లోలర్డుల పీడ వదలాలి. ఇద్దరికీ లెక్క కుదిరింది. తమాషా ఏమిటంటే, చట్టం పని పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. పార్లమెంటు నడుస్తుండగానే విలియం సాట్రీ అనే పూజారిని రాజు ఆజ్ఞతో లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో కాల్చేశారు.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. మతద్రోహం అంటే తప్పుగా నమ్మడం కాదు. చర్చి న్యాయశాస్త్రం ప్రకారం తెలియక తప్పు నమ్మినవాడు మతద్రోహి కాడు. తప్పని చెప్పినా వినకుండా మొండిగా నిలబడినవాడు మతద్రోహి. అంటే నేరం ఆ మొండితనంలో ఉంది. అందుకే కోర్టు మళ్ళీ మళ్ళీ అవకాశం ఇస్తుంది. ఒప్పుకో, ప్రమాణం చెయ్యి, వెళ్ళిపో. ఒకసారి ప్రమాణం చేసి మళ్ళీ అదే మాట అంటే మాత్రం ఇక దారి లేదు. సాట్రీ విషయంలో జరిగింది అదే. 1399లో నారిచ్ బిషప్ దగ్గర తప్పు ఒప్పుకున్నాడు, లండన్ వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు.

1410లో జాన్ బాడ్బీ అనే చేతిపనివాడి సంగతి ఇంకా విచిత్రం. ఈవ్‌షమ్ ఊరివాడు. అదే రొట్టె గొడవ. స్మిత్‌ఫీల్డ్‌లో మంట అంటించారు. వాడి కేకలు విని యువరాజు హెన్రీ, అంటే తరవాత అజిన్‌కోర్ యుద్ధం గెలిచిన ఐదో హెన్రీ, మంట ఆర్పించి వాణ్ణి బయటికి లాగించాడు. మాట వెనక్కి తీసుకో, ప్రాణంతో పాటు జీవితాంతం పింఛను కూడా ఇస్తాను అన్నాడు. బాడ్బీ ఒప్పుకోలేదు. మళ్ళీ మంటలోకి నెట్టారు. యువరాజు చెడ్డవాడు అని నేను అనను. ఆయన మనసులో ఆయన ఒక ఆత్మని కాపాడుతున్నాడు. ఆ భయంకరమైన దయ అర్థం కాకపోతే మధ్యయుగం మనకి అర్థం కాదు.

ఇంకో మాట. అప్పటి పాలకులు కూడా దీన్ని ఒట్టి మతం విషయంగా చెప్పలేదు. శాంతిభద్రతలు అన్నారు. 1414 జనవరిలో సర్ జాన్ ఓల్డ్‌కాసిల్ అనే లోలర్డు నాయకుడి పేరు మీద ఒక తిరుగుబాటు ప్రయత్నం జరిగింది, విఫలమైంది. ఆ ఏడే లెస్టర్‌లో కూచున్న పార్లమెంటు ఇంకో చట్టం చేసి, షెరీఫులూ న్యాయాధికారులూ అందరూ లోలర్డులని వెతికి పట్టుకుంటామని ప్రమాణం చెయ్యాలంది. అంటే "మేం నమ్మకాన్ని శిక్షించడం లేదు, అల్లరిని ఆపుతున్నాం" అనే వాదన మనం కనిపెట్టింది కాదు. ఆరువందల ఏళ్ళ పాతది.

ఇంతవరకూ వింటే "చూశారా, రెండూ ఒకటే" అనిపిస్తుంది. పొరుగింటి పొయ్యి దగ్గరి మాట ఫిర్యాదు అవుతుంది. మనసులో ఏముందో కోర్టు తవ్వుతుంది. బహిరంగంగా క్షమాపణ చెప్పిస్తారు. ఈనాడు ఒకణ్ణి పదిమంది చుట్టుముట్టి ఫోన్ ముందు నిలబెట్టి చేతులు కట్టించి క్షమాపణ వీడియో తీయిస్తుంటే, నాకు నారిచ్ సంతలో కొవ్వొత్తి పట్టుకుని నడిచినవాళ్ళే గుర్తొస్తారు. ఆ పోలిక నిజమే.

కానీ నారిచ్ కథలో రెండో సగం ఉందన్నాను.

2004లో నారిచ్‌లో ఒక షాపింగ్ మాల్ కట్టడానికి తవ్వుతుంటే పాత బావి ఒకటి బయటపడింది. అందులో పదిహేడు మంది అస్థిపంజరాలు ఉన్నాయి. తలకిందులుగా పడేసినట్టు ఉన్నాయి. చాలామంది పిల్లలు. ఎవరో, ఎందుకు చచ్చిపోయారో చాలా ఏళ్ళు తేలలేదు. కరువా, రోగమా అనుకున్నారు. 2022లో డీఎన్ఏ పరిశోధన ఫలితాలు వచ్చాయి. వాళ్ళు యూదులు. అందులో ముగ్గురు అక్కచెల్లెళ్ళు. ఎముకల కాలం పన్నెండో శతాబ్దం చివరికి సరిపోతోంది. 1190 ఫిబ్రవరిలో నారిచ్‌లో యూదుల ఇళ్ళ మీద పడి దొరికినవాళ్ళని దొరికినట్టు చంపారని అప్పటి రాతల్లో ఉంది. పరిశోధకులు ఆ రెండింటినీ కలిపారు.

ఆ చంపడం వెనక ఏముంది? క్రూసేడు జ్వరం ఉంది, అప్పుల గొడవలు ఉన్నాయి. దానికి ముందు ఒక కథ ఉంది. 1144లో విలియం అనే పన్నెండేళ్ళ కుర్రాడి శవం నారిచ్ పక్క అడవిలో దొరికింది. కొన్నేళ్ళకి థామస్ ఆఫ్ మన్మత్ అనే సన్యాసి ఒక పుస్తకం రాశాడు. యూదులు ఆ పిల్లవాణ్ణి తమ మతాచారం కోసం హింసించి చంపారని. యూదులు క్రైస్తవ పిల్లల్ని చంపుతారనే అబద్ధం యూరప్‌లో పుస్తకరూపంలో మొదలైంది దాదాపు అక్కడే. తరవాత ఏడెనిమిది వందల ఏళ్ళు ఆ అబద్ధం ఊరూరా తిరిగి ఎంతమందిని చంపించిందో లెక్క లేదు. నాజీల కాలంలో యూలియస్ ష్ట్రైషర్ తన పత్రికలో మళ్ళీ అదే కథని బొమ్మలతో వేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. మార్జరీ రొట్టె గురించి ఒక వెకిలి మాట అంటే బిషప్ కోర్టు కదిలింది. సాటి మనుషుల మీద చావు కబురు లాంటి అబద్ధం రాసిన థామస్‌ని ఏ కోర్టూ పిలవలేదు. ఆయన నేరం చేసినట్టు ఎవరికీ అనిపించలేదు. విలియం సమాధి చర్చిలో యాత్రాస్థలం అయింది కూడా. 1215లో రోమ్‌లో నాలుగో లాటరన్ మహాసభ జరిగింది. ఆ సభే మతద్రోహుల్ని వెతికి శిక్షించాలని ఒక నియమం పెట్టింది, ఆ సభే యూదులూ ముస్లింలూ విడిగా కనిపించే బట్టలు వేసుకోవాలని ఇంకో నియమం పెట్టింది. రెండూ ఒకే జాబితాలో ఉన్నాయి.

మతద్రోహ చట్టం కాపాడింది నమ్మకాన్ని. అది కూడా ఊళ్ళో బలమైనవాడి నమ్మకాన్ని. ద్వేష ప్రసంగ చట్టం, కనీసం కాగితం మీద, కాపాడాలనుకున్నది మనుషుల్ని. అది కూడా బావిలో పడే అవకాశం ఉన్న మనుషుల్ని. కాబట్టి 1190లో నారిచ్‌లో ద్వేష ప్రసంగ చట్టం లాంటిది ఉంటే దాని కింద నిలబడాల్సింది థామస్. మార్జరీ కాదు. నా దృష్టిలో అసలు తేడా ఇదే, శిక్ష ఎంత అన్నదాంట్లో లేదు.

ఆ బావిలో దొరికినవాళ్ళని 2013లో నారిచ్‌లోని శ్మశానంలో యూదుల భాగంలో ఖననం చేశారు. డీఎన్ఏ పూర్తిగా తేలకముందే. సుమారు ఎనిమిది వందల ఏళ్ళ తరవాత.

ఒక చిన్న పక్కదారి, మన్నించండి. మాట మీద కాస్త మోజు నాకు. హెరెసీ అనే మాట గ్రీకులో 'ఎంచుకోవడం' అనే అర్థం నుంచి వచ్చింది. ఎంచుకోవడమే నేరమైంది. మన దగ్గర దీనికి దగ్గరి మాట పాషండం. ఇప్పుడు అది తిట్టు. కానీ అశోకుడి శాసనాల్లో ఆ మాటకి ఒట్టి 'మత శాఖ' అని అర్థం, ఏ శాఖ అయినా సరే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. అందులో పన్నెండోది ఈ విషయమే చెప్తుంది. ఎవరూ తమ పాషండాన్ని పొగుడుకుంటూ ఇతరుల పాషండాన్ని సందు దొరికింది కదా అని కించపరచకూడదు, మాటని అదుపులో పెట్టుకోవాలి అని. శిక్ష ఏమిటో అందులో లేదు. అయితే ఒట్టి సలహా కూడా కాదు, ఆ పనిమీద అధికారుల్ని నియమించానని చివర్లో ఉంది. గుత్తి వైపు వెళ్ళేవాళ్ళు ఒకసారి ఆగి చూడండి.

సరే, ఇంగ్లండ్‌కి వెనక్కి వద్దాం. ఈ భాగం త్వరగా చెప్పేస్తాను. మేరీ రాణి కాలంలో దాదాపు 280 మందిని కాల్చారు. చివరివాడు ఎడ్వర్డ్ వైట్‌మన్, 1612లో లిచ్‌ఫీల్డ్‌లో. ఆయన మంట తగలగానే ఒప్పుకుంటానని అరిచి బయటపడి, తరవాత మళ్ళీ అడ్డం తిరిగి, రెండోసారి కాలిపోయాడు. 1677లో ఆ కాల్చే ఆజ్ఞనే రద్దుచేశారు. కానీ అప్పటికే, 1676లో, టేలర్ అనేవాడి కేసులో ప్రధాన న్యాయమూర్తి మాథ్యూ హేల్ కొత్త దారి వేశాడు. క్రైస్తవం దేశ చట్టంలో భాగం, కాబట్టి దాన్ని దూషిస్తే రాజ్యాన్ని దూషించినట్టే అని. ముందు తలుపు మూసి పక్క తలుపు తెరిచారన్నమాట. ఆ దైవదూషణ చట్టం 2008 దాకా ఇంగ్లండ్‌లో ఉంది. అది కూడా క్రైస్తవానికి మాత్రమే. సల్మాన్ రష్దీ నవల మీద ముస్లింలు కోర్టుకి వెళ్తే, ఈ చట్టం మీ మతానికి వర్తించదు అన్నారు. అప్పుడు అర్థమవుతుంది, ఆ చట్టం ఎవరిదో.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1830లలో మెకాలే భారత శిక్షాస్మృతి ముసాయిదా రాసినప్పుడు ఇంగ్లండ్ దైవదూషణ చట్టాన్ని ఇక్కడికి తేలేదు. ఇక్కడ తేలేడు కూడా, ఏ దేవుణ్ణి పెడతాడు? బదులుగా ఏ మతంవాడినైనా కావాలని మనసు నొప్పించే మాటలంటే శిక్ష అన్నాడు. దేవుడికి అవమానం పోయి మనిషికి నొప్పి వచ్చింది. అది 1860 శిక్షాస్మృతిలో 298 సెక్షన్ అయింది. 1898లో వర్గాల మధ్య వైరం పెంచడం మీద 153ఏ చేర్చారు.

తరవాత లాహోర్. 1924లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త 'రంగీలా రసూల్' అనే చిన్న పుస్తకం వేశాడు. ప్రవక్త వ్యక్తిగత జీవితం మీద వెకిలి రాత. ఆ రోజుల్లో పంజాబులో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఇలాంటి కరపత్రాలు వేసుకుంటూనే ఉన్నారు. గాంధీ ఆ పుస్తకాన్ని అప్పుడే ఖండించారు. 153ఏ కింద కేసు నడిచింది, కింది కోర్టుల్లో శిక్ష పడింది. 1927లో హైకోర్టులో జస్టిస్ దిలీప్ సింగ్ కొట్టేశారు. పుస్తకం బాగుందని కాదు. ఆ సెక్షన్ ఈనాడు బతికున్న ఒక వర్గం మీద దాడిని ఆపడానికి ఉద్దేశించింది, చనిపోయిన మతగురువు మీద విమర్శ ఎంత నీచంగా ఉన్నా అది ఈ సెక్షన్ కిందికి రాదు అన్నారు.

ఈ తీర్పు నేను ఎన్నోసార్లు చదివాను. నారిచ్‌లో మనం చూసిన గీతనే ఆ జడ్జి లాహోర్‌లో గీశాడు. మనుషుల మీద దాడి వేరు, నమ్మకం మీద దాడి వేరు. చట్టపరంగా ఆ గీత సరైనదే. కానీ వీధిలో ఆ గీత నిలబడలేదు. పెద్ద ఆందోళన జరిగింది. అదే సమయంలో అమృత్‌సర్ పత్రిక ఒకటి అలాంటిదే రాస్తే అదే హైకోర్టులో ఇంకో బెంచి 153ఏ వర్తిస్తుందని శిక్ష వేసింది. ప్రభుత్వం ఆగలేకపోయింది. 1927 సెప్టెంబరులో 295ఏ వచ్చింది. ఒక వర్గం మత భావాల్ని, ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానిస్తే నేరం.

ఆ బిల్లు చర్చలో ఒక సభ్యుడు హెచ్చరించాడు. చరిత్ర రాసేవాళ్ళని, నిజం తేల్చడానికి చిత్తశుద్ధితో మతాన్ని విమర్శించేవాళ్ళని ఈ చట్టం నుంచి కాపాడాలని. ఆ సభ్యుడి పేరు మహమ్మద్ అలీ జిన్నా. ఇది చెప్తే చాలామంది నమ్మరు.

చట్టం వచ్చింది కాబట్టి కోపం చల్లారిందా? లేదు. 1929 ఏప్రిల్ 6న ఇల్ముద్దీన్ అనే యువకుడు రాజ్‌పాల్‌ని ఆయన దుకాణంలోనే పొడిచి చంపాడు. ఇల్ముద్దీన్‌ని అదే ఏడాది అక్టోబరు 31న ఉరితీశారు. హైకోర్టులో అతని తరఫున అప్పీలు వాదించింది మళ్ళీ జిన్నాయే. ఒక పుస్తకం, ఒక చట్టం, రెండు శవాలు.

దేశం విడిపోయాక ఆ 295ఏ రెండు ఇళ్ళకీ వెళ్ళింది. పాకిస్తాన్‌లో జియా కాలంలో దాని పక్కన 1982లో 295బి, 1986లో 295సి చేర్చారు. 295సి ప్రవక్తని అవమానిస్తే మరణశిక్ష అంటుంది. ఉద్దేశం ఉండాలన్న మాట కూడా తీసేశారు. ఇది ఇంక ద్వేష ప్రసంగ చట్టం కాదు, పూర్తిగా 1401కి వెళ్ళిపోయింది. 2009లో ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ పొలంలో నీళ్ళు తాగిన కప్పు దగ్గర తోటి ఆడవాళ్ళతో గొడవ పడింది. ఆ గొడవ దైవదూషణ కేసు అయింది, ఉరిశిక్ష పడింది. పొయ్యి పక్క మార్జరీ, పొలంలో ఆసియా. ఆవిడ తరఫున మాట్లాడినందుకు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ని 2011లో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. సుప్రీంకోర్టు ఆవిణ్ణి నిర్దోషి అని వదిలిన తేదీ 2018 అక్టోబరు 31. ఇల్ముద్దీన్‌ని ఉరితీసిన తేదీ.

మన వైపు 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు 295ఏ చెల్లుతుందంది. తెలియక, అజాగ్రత్తగా అన్న మాటలకి ఇది వర్తించదు, దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానానికే వర్తిస్తుందని గిరిగీసింది. 2024 జులై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్. పాత 153ఏ ఇప్పుడు 196. కోర్టు ఈ కేసుల్ని విచారణకి తీసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, అది మంచి అడ్డుకట్టే. కానీ ఆ అనుమతి అరెస్టుకి అక్కర్లేదు. బెయిలు హక్కుగా రాదు. అంటే దురుద్దేశం ఉందా లేదా అని జడ్జి ఎప్పుడో తేలుస్తారు, ఈలోపు జైలు, లాయరు ఖర్చు, వాయిదాలు ముందే వచ్చేస్తాయి. నారిచ్ బిషప్ కనీసం మొదటి రోజే నువ్వేం నమ్ముతావని అడిగేవాడు!

"అయితే ఈ చట్టాలన్నీ తీసేద్దాం" అంటారు కొందరు. అమెరికాలో దాదాపు అంతే. 1969 బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం, అప్పటికప్పుడు హింసకి పురిగొల్పి, ఆ హింస జరిగే అవకాశం ఉంటే తప్ప మాటని శిక్షించకూడదు. నాకు ఆ నియమం మీద గౌరవం ఉంది. కానీ రువాండాలో ఒక రేడియో స్టేషన్ 1993 నుంచి నెలల తరబడి టుట్సీలని బొద్దింకలని పిలిచింది. 1994 ఏప్రిల్లో చంపడం మొదలయ్యాక ఎవరు ఎక్కడ దాక్కున్నారో పేర్లతో సహా చదివింది. 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాని పెద్దల్ని దోషులని తేల్చింది, 2007 అప్పీల్లో శిక్షలు తగ్గాయి. అప్పటికి చావులన్నీ అయిపోయాయి. "అప్పటికప్పుడు" అనే మాట ఎప్పుడు మొదలవుతుంది? బొద్దింక అన్న రోజునా, పేరు చదివిన రోజునా?

ఇంకోవైపు బ్రిటన్ చూడండి. 1965లో జాతి ద్వేషం రెచ్చగొట్టడం నేరమని చట్టం చేశారు. నల్లజాతివాళ్ళని కాపాడటానికని. 1967లో ఆ చట్టం కింద పన్నెండు నెలలు జైలుకెళ్ళినవాడు మైఖేల్ ఎక్స్ అనే నల్లజాతి నాయకుడు. ఆయనేం మహాత్ముడు కాదు, తరవాత ట్రినిడాడ్‌లో హత్య కేసులో ఉరి పడింది. కానీ ఆ చట్టం చేసినవాళ్ళు ఊహించిన ముద్దాయి మాత్రం ఆయన కాదు. మనుషుల్ని కాపాడే చట్టం కూడా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పనే చేస్తుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఇద్దరు. పేర్లు, ఊరు చెప్పను.

ఒకడు డిగ్రీ చదివే కుర్రాడు. మా పాత విద్యార్థిని కొడుకు. ఎవరో పంపిన బొమ్మని ఫోన్ స్టేటస్‌లో పెట్టాడు. ఒక దేవుడి మీద జోకు. రెండు గంటలకి తీసేశాడు. ఈలోపు ఎవరో ఫోటో తీసి ఫిర్యాదు ఇచ్చారు. తొమ్మిది రోజులు లోపల ఉన్నాడు, సెమిస్టరు పోయింది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి అడిగింది, "సార్, మీరు చరిత్ర చెప్తారు కదా, వీడు ఎవరికి ఏం నష్టం చేశాడో ఒక్క ముక్కలో చెప్పండి, నేను వాడికి బుద్ధి చెప్పుకుంటాను" అని. నేను చెప్పలేకపోయాను. ఆ బొమ్మ నాకూ నచ్చలేదు. కానీ నష్టం ఎవరికి?

రెండో మనిషి మా వీధిలో బండి మీద పళ్ళు అమ్మేవాడు. పదమూడేళ్ళు మా ఇంటికి బత్తాయిలు ఆయనే ఇచ్చాడు. 2020 కరోనా రోజుల్లో వాళ్ళ మతంవాళ్ళు పళ్ళ మీద ఉమ్మి అమ్ముతున్నారని ఒక వీడియో తిరిగింది. మా వీధి గ్రూపులో కూడా వచ్చింది. పెట్టినాయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడే. వారం రోజుల్లో బండి దగ్గర ఎవరూ ఆగలేదు. ఆయన ఒకరోజు మా గేటు దగ్గర నిలబడి "సార్, మీరూ ఆ వీడియో చూశారా?" అని అడిగాడు. చూశానన్నాను. గ్రూపులో నేనేమీ అనలేదన్న సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. తరవాత నెల నుంచి ఆయన రాలేదు. ఆ వీడియో పెట్టినాయన మీద ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు, నేను కూడా.

ఒకే రాష్ట్రం, అవే సెక్షన్లు. కుర్రాడి కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే వాయిదాకి వాళ్ళమ్మతో పాటు నేనూ వెళ్తున్నాను, అందుకే ఆ వారం ఎపిసోడ్ ఉండదు. ఆ తరవాతి వారం ఎర్రగుడి బండ దగ్గర్నుంచే మాట్లాడుకుందాం.